సీజను ముందు అప్పగింతలు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు తీసే పరిశ్రమలను మా ఊళ్ళవాళ్ళు జ్యూస్ ఫ్యాక్టరీలనే పిలుస్తారు. అటువంటి ఒక ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ల్యాబు బాధ్యత ఆరేళ్ళుగా నాది. జూన్‌లో తోతాపురి కాయ దిగడం మొదలైతే ఆగస్టు దాకా మాకు ఆదివారాలు ఉండవు. బంగారుపాళెం, దామలచెరువు మండీల నుంచీ, నేరుగా తోటల నుంచీ వచ్చిన ట్రాక్టర్లు గేటు బయట రాత్రంతా బారులు తీరి ఉంటాయి, లోపల లైను రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. పెళ్ళిళ్ళనూ గృహప్రవేశాలనూ, చివరికి పంటి నొప్పిని కూడా సీజను అయ్యాక చూసుకుందామని వాయిదా వేయడం ఈ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే అలవాటైపోతుంది. అటువంటి నాకు డాక్టరమ్మ కాన్పు తేదీ జూలై 14 అని రాసిచ్చింది. ఆ కాగితం చూడగానే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, "అయ్యో, సీజను నడిమధ్యలోనా!" అన్నది.

మే 31న ల్యాబు తాళాలు ఇచ్చేసి, ప్రసూతి సెలవు మీద పలమనేరులోని పుట్టింటికి వచ్చాక తీరిక దొరికి ఇది రాస్తున్నాను. ఆఫీసులో అందరూ హ్యాండోవర్ అనే పనికి మనకు అప్పగింత అన్న మంచి మాట ఉంది. వినగానే పెళ్ళికూతురిని అత్తవారి చేతుల్లో పెట్టే ఘట్టం గుర్తుకొస్తుంది కాబట్టి కాబోలు, ఉద్యోగాల్లో ఆ మాటను ఎవరూ వాడరు. నాకు మాత్రం ఈ నాలుగు నెలలూ జరిగినది అదేననిపించింది. పెళ్ళిలో కన్నీళ్ళు పెట్టుకోని మనిషిని, గుజ్జులోని తీపి కొలతను, అంటే బ్రిక్స్‌ను, చూసే రిఫ్రాక్టోమీటరును దాని పెట్టెలో సర్ది ఇంకొకరి చేతికిస్తూ కాస్త తడబడ్డాను.

మొదటి మూడు నెలల సంగతి త్వరగా చెప్పేస్తాను. మామిడి లేని రోజుల్లో మా లైను మీద జామ గుజ్జు తీస్తారు, ఆ జామపండ్ల వాసన నాకు నవంబరులో ప్రాణం మీదికి తెచ్చింది. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదని ఇంట్లో పెద్దవాళ్ళ పట్టుదల కాబట్టి, వాంతి వచ్చినప్పుడల్లా శాంపిల్ కోసమన్నట్టు చేతిలో గిన్నె పట్టుకొని వెనక వేపచెట్టు దగ్గరికి నడిచేదాన్ని. లైను మీద పండ్లు ఏరే ఆడవాళ్ళకు రెండో వారంలోనే తెలిసిపోయిందని తర్వాత తెలిసింది. ఆఫీసు గదుల్లో కూర్చున్న మగవాళ్ళకు మాత్రం నేను జనవరిలో చెప్పేదాకా అనుమానం కూడా రాలేదు.

మేనేజరు సార్‌కు చెప్పిన రోజున ఆయన మనస్ఫూర్తిగా సంతోషించారు, ఆ వెంటనే గోడ మీది క్యాలెండరులో జూలై కాగితం పైకెత్తి చూసి మళ్ళీ వదిలేశారు. ఆయనను తప్పుపట్టలేను, నేను చేసిందీ అదే కదా. "జూన్ పదిహేను దాకా ఉండి పోమ్మా, అప్పటికి లైను కుదురుకుంటుంది" అని అడిగారు. నేను ఆలోచించుకొని చెబుతానని వచ్చి, ఆ రాత్రి చట్టం తెరిచి వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాను.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పుడు, మొదటి ఇద్దరు బిడ్డల వరకు జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి వచ్చినా ఈ నియమాలు అందులోనూ ఉన్నాయి. ఆ 26లో కాన్పు తేదీకి ముందు గరిష్ఠంగా 8 వారాలు వాడుకోవచ్చు, అంతకు మించి ముందుకు జరపడానికి వీల్లేదు. నా విషయంలో మే 19 నుంచి ఎప్పుడైనా ఇంటికి పోవచ్చు; అయితే ముందు వాడుకున్న ప్రతి వారమూ బిడ్డ పుట్టాక ఉండవలసిన వారాల్లోంచే తరిగిపోతుంది. జూన్ 1న మొదలుపెడితే 182 రోజులు నవంబరు 29తో ముగుస్తాయి, బిడ్డకు అప్పటికి నాలుగున్నర నెలలు నిండుతాయి. సార్ అడిగినట్టు జూన్ 15 దాకా పనిచేస్తే బిడ్డతో రెండు వారాలు అదనంగా దొరుకుతాయన్నమాట. అందుకే ఆయన మాటను వెంటనే కొట్టిపారేయలేకపోయాను. కానీ సీజను మొదటి పదిరోజులు ఎలా ఉంటాయో నాకు తెలుసు; ఆ రోజుల్లో పద్నాలుగు గంటలు నిలబడటం మామూలు సంగతి, అప్పటికే నా పాదాలు సాయంత్రానికి చెప్పుల్లో పట్టడం మానేశాయి. రెండు వారాల ఆశకు పోయి ఎనిమిదో నెల కడుపుతో ఆ పద్నాలుగు గంటలు నిలబడటం తెలివైన బేరం కాదని తేల్చుకొని, మర్నాడు జూన్ 1 అని రాతపూర్వకంగా ఇచ్చేశాను. సార్ చదివి, "సరే, అమ్మాయినొకదాన్ని తెచ్చిపెడతాం, తయారు చెయ్యి" అన్నారు.

అదే చట్టంలో చాలామందికి తెలియని మాట ఇంకొకటి నాకు అక్కరకొచ్చింది. కాన్పు తేదీకి ముందున్న ఆరు వారాలు మొదలు కావడానికి ఒక నెల ముందు నుంచీ, గర్భిణి కోరితే ఆమెకు శ్రమతో కూడిన పనిగానీ ఎక్కువసేపు నిలబడవలసిన పనిగానీ అప్పగించకూడదు. కోరితే అన్న మాటను గమనించాలి, నోరు తెరిచి అడగనివాళ్ళకు ఆ రక్షణ లేదు. నాకు మే 2 నుంచి ఆ నెల మొదలవుతుందని లెక్క చూసి, వీపు ఆనుకోవడానికి వీలున్న ఎత్తు కుర్చీ ఒకటి ల్యాబులోకి కావాలని అడిగాను. అరవై అడుగుల దూరంలో ఉన్న స్టోరు నుంచి ఆ కుర్చీ రావడానికి పదకొండు రోజులు పట్టింది. వచ్చాక మాత్రం దానిమీద నాకంటే ఎక్కువ మా స్టోర్‌కీపరే కూర్చున్నాడు.

సెలవుకు నోటీసు ఇచ్చే కాగితంలో రెండు వాక్యాల దగ్గర నా కలం ఆగింది. సెలవు కాలంలో నేను మరే సంస్థలోనూ పనిచేయనని రాసి ఇవ్వాలి. అది ఇంట్లో చదివి వినిపిస్తే మా అమ్మ వంటింట్లోంచే, "బిడ్డ పుట్టినాక రాత్రుళ్ళు చేసేది ఏ సంస్థ కిందికి వస్తుందో అడగరాదా" అని నవ్వింది. రెండోది నామినీ పేరు. సొమ్ము నాకు గానీ, నేను సూచించిన మనిషికి గానీ చెల్లించమని రాయాలి, అంటే నేను లేకపోతే ఎవరికి ఇవ్వాలన్నది ముందే చెప్పాలి. భవిష్యనిధి కాగితాల్లోనూ బీమా కాగితాల్లోనూ ఎన్నోసార్లు ఏమీ అనుకోకుండా నింపిన గడి అది. ఈసారి కడుపులో బిడ్డ కదులుతుండగా దాన్ని నింపడానికి ఒక పూట పట్టింది, చివరికి మా ఆయన పేరు రాసి, తేదీ వేసి, అకౌంట్స్ గదిలో ఇచ్చాను. గర్భం ధ్రువపరిచే కాగితం చూపితే కాన్పుకు ముందు వారాల సొమ్ము ముందుగానే ఇవ్వాలనీ, మిగతాది బిడ్డ పుట్టిన రుజువు అందిన 48 గంటల్లో ఇవ్వాలనీ చట్టంలో ఉన్నదాన్ని ఆ గదిలోని పెద్దాయనకు నేనే చూపించవలసి వచ్చింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని రెండుసార్లు చదివి, "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు. ఫ్యాక్టరీలో నెలజీతం మీద ఉన్న ఆడవాళ్ళం ఎప్పుడూ ముగ్గురు నలుగురికి మించి లేము కాబట్టి అది నిజమే అయ్యుండాలి.

ఏప్రిల్ చివరలో శ్రీమంతం చేశారు. రెండు చేతుల నిండా వేసిన పచ్చ గాజులు కాన్పు అయ్యేదాకా తీయకూడదని మా అమ్మా అత్తమ్మా ఒకే మాట మీద నిలబడ్డారు. పెళ్ళయినప్పటి నుంచీ వాళ్ళిద్దరూ ఏకీభవించిన విషయం నాకు గుర్తున్నంతలో అదొక్కటే. ఇక్కడ చిక్కు వచ్చింది. పండ్లు కడిగే చోటు నుంచి గుజ్జు నింపే చోటు దాకా ఉన్న హాలుకు గుమ్మంలో ఒక ఎర్ర గీత గీసి ఉంటుంది, ఆ గీత దాటేవాళ్ళ ఒంటిమీద గాజులుగానీ ఉంగరంగానీ వాచీగానీ ఉండకూడదు. గాజుముక్క ఒక్కటి గుజ్జులో పడ్డదని అనుమానం వస్తే చాలు, ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టేయవలసిందే. ఆ బోర్డును తెలుగులోనూ తమిళంలోనూ రాయించి గుమ్మం పక్కన తగిలించింది నేనే. రోజూ పొద్దున తీసి సాయంత్రం వేసుకుంటానంటే ఇంట్లో ఒప్పుకోరు, గాజులతో దాటితే నా బోర్డు నన్నే వెక్కిరిస్తుంది. ల్యాబు గీతకు ఇవతల ఉంది కాబట్టి చివరికి నేను ల్యాబులోనే కూర్చుని, శాంపిల్ తెచ్చే పనిని కొత్తమ్మాయికి వదిలేశాను. ఆ విధంగా మే నెలాఖరున జరగవలసిన అప్పగింత డజనున్నర గాజుల పుణ్యమా అని నెల ముందే మొదలైంది, అదెంత మేలైందో తర్వాత అర్థమైంది.

ఆ అమ్మాయి తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివి ఫిబ్రవరిలో చేరింది. మాట తక్కువ, నేను ఏది చెప్పినా ముందు రాసుకొని, తర్వాత చేసి, ఆ తర్వాతే అడుగుతుంది. తనకోసం నేను ఒక పొడవాటి నోటుబుక్కులో అప్పగింతలు రాయడం మొదలుపెట్టాను. ఏ పరీక్ష ఎన్ని గంటలకొకసారి చేయాలి, డ్రమ్ముల నంబర్లు ఏ రిజిస్టరులో ఎలా ఎక్కించాలి, దాచిపెట్టిన శాంపిళ్ళు ఏ అరలో ఏ వరుసలో ఉన్నాయి, గల్ఫ్‌కూ యూరప్‌కూ పోయే సరుకుతో పంపే పరీక్ష పత్రాల్లో ఎవరి సంతకం ఉండాలి, పరికరాలు మొరాయిస్తే చెన్నైలో ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ సులువుగానే కాగితం మీదికి వచ్చాయి.

పులుపు పరీక్ష దగ్గరికి వచ్చేసరికి రాత ఆగిపోయింది. గుజ్జులో సూచక ద్రావణం రెండు చుక్కలు వేసి, పైనుంచి క్షారాన్ని బొట్టుబొట్టుగా వదులుతూ, రంగు మారి అరనిమిషం నిలబడగానే ఆపాలి. పుస్తకాల్లో ఆ రంగును లేత గులాబీ అంటారు. మామిడి గుజ్జు పసుపు రంగుది, పసుపులో గులాబీ ఎప్పుడు పుట్టిందో కంటికి దొరకదు. నీళ్ళు కలిపి పలచన చేసి, గాజు కుప్పె కింద తెల్ల పలక పెట్టి చూస్తే ఒక క్షణంలో ఏదో మసకగా మారినట్టుంటుంది, దాన్ని పట్టుకోవాలి. నోటుబుక్కులో ముందు లేత గులాబీ అని రాసి కొట్టేశాను, నారింజ అని రాసి అదీ కొట్టేశాను, పొద్దున ఆరుగంటల ఎండ తగిలిన ఇటుక రంగు అని కూడా రాశాను, చదివితే నాకే నవ్వొచ్చింది. చివరికి ఆ పేజీలో "ఇది నా పక్కన కూర్చుని నేర్చుకోవాలి" అని మాత్రం మిగిలింది. కిందటేడు డబ్బాల్లో దాచిన గుజ్జును తెరిచి రోజుకు పది పరీక్షల చొప్పున మే నెలంతా ఇద్దరం వేరువేరుగా చేసి, అంకెలు ఒకరికొకరం చూపించుకోకుండా రాసి, సాయంత్రం పోల్చి చూసుకునేవాళ్ళం. మూడో వారానికి మా అంకెల మధ్య తేడా చెప్పుకోదగ్గది కాకుండా పోయింది.

నా తప్పును కూడా ఒకదాన్ని నోటుబుక్కులో పూర్తిగా రాశాను. రెండేళ్ళ కిందట సీజను ముమ్మరంగా ఉన్నప్పుడు, అర్ధరాత్రి ఒంటిగంటకు వేడిగా ఉన్న శాంపిల్‌ను చల్లార్చకుండానే చేతి రిఫ్రాక్టోమీటరులో చూశాను. వేడికి బ్రిక్స్ అసలున్నదానికంటే తక్కువ చూపిస్తుందని పాఠంగా చెప్పగలిగే నేను, నిద్రమత్తులో 13.4 అని చూసి, కొనేవాళ్ళు 14కు తగ్గకూడదన్నారని లైను ఆపించాను. నలభై నిమిషాల తర్వాత చల్లారిన శాంపిల్ 14.3 చూపించింది. ఆ నలభై నిమిషాలూ బయట ట్రాక్టర్ల మీద కాయలు మాగిపోతూ, రైతులు గేటు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూస్తూ ఉన్నారు. సార్ ఏమీ అనలేదు, నేనే చాలా రోజులు ఆ గేటు వైపు తలెత్తి చూడలేకపోయాను. ఇది చదివి ఆ అమ్మాయి, "మీరు కూడానా అక్కా?" అంది. ఆ రోజు నుంచి తను అడిగే ప్రశ్నలు ఎక్కువయ్యాయి, నేను కోరుకున్నదీ అదే.

అప్పగించక తప్పనిది మరొకటి నా నాలుక. గుజ్జు పులవడం మొదలైతే ఏ పరికరం కంటే ముందు నాలుకకూ ముక్కుకూ తెలుస్తుంది. ఐదో నెల నుంచి నాకు ఏది తిన్నా ఇనుము చప్పరించినట్టుంది. మంచి గుజ్జును పులిసిందన్నాను ఒకసారి. అప్పటి నుంచి ఆ అమ్మాయి రుచి చూసి చెబితే నేను రాసుకోవడం మొదలుపెట్టాను, గురువు స్థానం అంత సులువుగా చేయి మారుతుందని నేననుకోలేదు.

మే చివరి వారంలో లైను శుభ్రం చేయడానికి ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకామెను నేను వదినా అని పిలుస్తాను. పన్నెండు సీజన్లుగా పండ్లు ఏరే బెల్టు దగ్గర పనిచేస్తున్న మనిషి. నేను కుర్చీలో కూర్చుని ఉండగా తలుపు దగ్గర నిలబడి, "ఎన్ని దినాలు లీవు ఇచ్చిరి మ్మా?" అని అడిగింది. ఆరు నెలలని చెప్పాను. "జీతం ఇస్తారా?" అంది. ఇస్తారన్నాను. ఆమె రెండో బిడ్డ జూలైలోనే పుట్టిందట, ముందురోజు సాయంత్రం దాకా బెల్టు దగ్గరే ఉండి, పదిహేను దినాలకు మళ్ళీ వచ్చిందట. "కుచ్చుంటే దినకూలి ఎవురిస్తారు" అని, దాన్నొక ఫిర్యాదుగా కూడా చెప్పకుండా చీపురు తీసుకొని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక నేను చట్టంలో మొదట చదివి దాటేసిన వాక్యం దగ్గరికి మళ్ళీ పోయాను. కాన్పు తేదీకి ముందున్న 12 నెలల్లో ఆ యజమాని దగ్గర 80 రోజులైనా పనిచేసి ఉండాలని ఆ వాక్యం. నెలజీతగాళ్ళకు ఆ అంకె లెక్కలోకే రాదు. బెల్టు దగ్గర పనిచేసే ఆడవాళ్ళకు మాత్రం మా దగ్గర సీజను అరవై, డెబ్బై రోజుల్లో ముగిసిపోతుంది, కాయ తక్కువ దిగిన ఏడు ఇంకా ముందే. ఎవరూ మోసం చేయకపోయినా, ఎవరూ లెక్క తప్పు రాయకపోయినా, మామిడి కాసే కాలమే ఆ 80ని అందుకోనివ్వదు. కాన్పు తర్వాత ఆరు వారాలు ఏ స్త్రీ చేతా పని చేయించకూడదని అదే చట్టం చెబుతోంది. ఆ ఆరు వారాలూ తిండి ఎక్కడినుంచి రావాలో వదిన విషయంలో చెప్పదు. అంగన్‌వాడీలో ఇచ్చే సరుకులూ, కేంద్రం మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకు ఇచ్చే 5,000 రూపాయలూ ఉన్నాయి; రెండో కాన్పుకైతే ఆడపిల్ల పుడితేనే ఆ పథకం సొమ్ము ఇస్తుంది, ఆమెది రెండో కాన్పు. సీజను పనులకు రోజుల లెక్క వేరుగా ఉండాలని నా అభిప్రాయం, దీన్ని సార్‌తో కూడా అన్నాను. ఆయన చట్టం మనం రాసింది కాదు కదమ్మా అన్నారు. 50 మందో అంతకు మించో పనిచేసే చోట బిడ్డలను చూసుకునే గది ఉండాలన్నది కూడా మనం రాసింది కాదు సార్, అన్నాను. సీజనులో మూడువందల మంది పనిచేసే మా దగ్గర అటువంటి గది ఇంకా లేదు. గోడౌను పక్కన ఖాళీగా ఉన్న గది చూపించి వచ్చాను, నవంబరు 30న తిరిగి వెళ్ళేసరికి అందులో ఏముంటుందో చూడాలి. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు విరామం నా హక్కు కాబట్టి, వచ్చే సీజనంతా ఆ గది అవసరం నాకే ఉంటుంది.

ఇంటి వైపు ఏర్పాట్లన్నీ మా అమ్మ చేతిలో ఉన్నాయి, వాటి గురించి చెప్పడానికి నాకు పెద్దగా తెలియదు. పాత చీరలు ఉతికి మెత్తటి గుడ్డలు చింపి పెట్టింది, కాన్పు మాత్రం ఇప్పటిదాకా చూసిన డాక్టరమ్మ దగ్గర చిత్తూరులోనే. కాబట్టి జూలై మొదట్లో మళ్ళీ మొగిలి ఘాటు దిగాలి. పుట్టింటికి వచ్చిన రోజున ఘాటు మలుపుల్లో కడుపు పట్టుకొని కారులో పైకి వస్తుంటే, కిందికి దిగుతున్న కాయల ట్రాక్టర్లు ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. ఈ రోడ్డు మీద వాటికి ఎదురుగా ప్రయాణించడం ఆరేళ్ళలో నాకు అదే మొదటిసారి.

అత్యవసరమైతే తప్ప ఫోన్ చేయవద్దని నోటుబుక్కు మొదటి పేజీలో రాసి కింద గీత కూడా గీశాను. మొదటి రోజు ఫోన్ రాలేదు, రెండో రోజూ రాలేదు. నేనే రెండుసార్లు ఫోను పనిచేస్తోందో లేదో చూసుకున్నాను. మూడో రోజు పొద్దున పదింటికి మోగింది. వెనక లైను హోరు వినిపిస్తోంది, లోడు వచ్చిందన్నమాట. "బ్రిక్స్ తక్కువ వచ్చిందా? చల్లార్చి చూశావా?" అని నేనే తొందరపడి అడిగాను.

"అదంతా బాగుందక్కా, 14.6. వడపోత కాగితాల కొత్త కట్ట ఎక్కడుందో దొరకలేదు."

రసాయనాల అలమరలో పై అరన, పాత క్యాలెండరు వెనకాల ఉంది. నలభై రెండు పేజీల్లో ఆ ముక్క రాయలేదు.